బీపీ మాత్రకి జీన్ టెస్టు: ఎప్పుడు చేయించాలి, రిపోర్టులో ఏం చూడాలి

మెటోప్రొలాల్ 50 అనే బీపీ మాత్ర వేసుకున్న ఇద్దరిలో ఒకరికి నాడి 72 దగ్గరే ఉంటుంది. ఇంకొకరికి 48కి పడిపోయి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. కాలేయంలో ఈ మందుని విరగ్గొట్టే సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ తేడా అందుకు ఒక కారణం. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జీన్ రెండు కాపీలూ పనిచేయనివాళ్ల రక్తంలో మందు సుమారు ఐదు రెట్లు పేరుకుంటుంది.

టెస్టుకి డబ్బు కట్టేముందు వారం రోజులు ఇంట్లో బీపీ, నాడి రాసుకోండి. పొద్దున మాత్రకి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో నిమిషం ఆగి. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలి. ఇరానీ చాయ్ తాగిన అరగంటలోపు చూసిన అంకె లెక్కలోకి రాదు. మొదటి రోజువి కొట్టేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. 135/85 లోపుంటే మందు పనిచేస్తున్నట్టే. దాటితే జీన్‌కన్నా ముందు అనుమానించాల్సినవి మరిచిపోయిన మాత్రలు, ఆవకాయ, అప్పడాలు, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్. అది ఒంట్లో ఉప్పునీ నీళ్లనీ నిలబెట్టేసి లోసార్టన్ లాంటి బీపీ మందు పని చెడగొడుతుంది.

ఇవేవీ కాకపోతే డాక్టర్‌తో మాట్లాడి టెస్టుకి వెళ్లండి. పరగడుపు అక్కర్లేదు. ఊదారంగు మూత ట్యూబులో 2–3 మి.లీ. రక్తం చాలు. ఉమ్మి కిట్ అయితే అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, పాన్ కూడా వద్దు. ల్యాబ్‌ని ఒక్కటి అడగండి: సీవైపీ2డీ6 కాపీలు లెక్కపెడతారా? కొందరిలో ఈ జీన్ ఒక కాపీ మొత్తానికే ఉండదు, కొందరిలో మూడుంటాయి. అది చూడని టెస్టు ఇద్దరికీ నార్మల్ అని రాసిచ్చే ప్రమాదం ఉంది.

రిపోర్టులో ఎరుపు, ఆకుపచ్చ పట్టికలు పక్కనపెట్టి యాక్టివిటీ స్కోరు, అంటే సీవైపీ2డీ6 ఎంత పనిచేస్తుందో చెప్పే అంకె, వెతకండి. స్టార్ పక్కన అంకె జీన్ రకానికి పేరు. స్టార్4/స్టార్4 అంటే స్కోరు 0, పూర్ మెటబలైజర్, అంటే మందుని సరిగా విరగ్గొట్టలేని మనిషి. వాళ్లకి మెటోప్రొలాల్ అతి తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, లేదా అదే జాతికి చెందిన (బీటా బ్లాకర్) వేరే మందుకి మారాలి. అటెనొలాల్ ఎక్కువగా మూత్రంలో పోతుంది, కాబట్టి కిడ్నీలు బాగుంటే అదొక దారి. స్కోరు 2.25 దాటితే మెటోప్రొలాల్ త్వరగా విరిగిపోతుంది.

లోసార్టన్‌ది తలకిందుల వ్యవహారం. దాన్ని బలమైన రూపంలోకి మార్చేది సీవైపీ2సీ9 అనే ఇంకో ఎంజైమ్. దాని జీన్‌లో స్టార్3 రకం ఉంటే ఆ మార్పు తగ్గుతుంది. టెల్మిసార్టన్ అనే బీపీ మందుకి ఆ మార్పుతో పనే లేదు. ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు పక్కన రిపోర్టు ఏం రాసినా, దాన్నిబట్టి డోసు మార్చేంత ఆధారం లేదు. 2009లో హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు బయటపెట్టిన ఎంవైబీపీసీ3 అనే జీన్ లోపం, దాదాపు 4 శాతం భారతీయుల్లో ఉండేది, గుండె కండరం జబ్బుకి సంబంధించినది. మాత్ర ఎంపికకి పనికిరాదు.

జీన్ నార్మలే అయినా డిప్రెషన్‌కి పారోక్సెటిన్ వాడుతుంటే అది ఎంజైమ్‌ని అణిచేస్తుంది, మనిషి పూర్ మెటబలైజర్‌లాగే అవుతాడు. కాగితంలో ఇది కనిపించదు. అందుకే రిపోర్టుతోపాటు ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రిపోర్టు చూసి మెటోప్రొలాల్ మీరే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే నాడి, బీపీ ఎగదన్నుతాయి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఛాతీనొప్పి రావచ్చు. నాడి 50కి తగ్గి కళ్లు తిరుగుతుంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి.