చూపు లేని సంగీతకారులకు లాప్‌టాప్ కొనేముందు

ముందు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోండి, లాప్‌టాప్ సంగతి తర్వాత. స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) చదవలేని సాఫ్ట్‌వేర్ అయితే ఎంత ఖరీదైన మెషీన్ కొన్నా లాభం లేదు.

విండోస్‌లో నేనైతే రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడమంటాను. దానికి ఒసారా అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ కలిపితే ట్రాక్ పేరు, వాల్యూమ్, మ్యూట్ అన్నీ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ కూడా ఉచితమే, తెలుగూ చదువుతుంది. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసి అప్పుడు డబ్బు కట్టొచ్చు. మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది, లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దానితో నడుస్తుంది. ఖర్చే ఎక్కువ.

అసలు చిక్కంతా శబ్దంతోనే. స్క్రీన్ రీడర్ మాటా, పాటా ఒకే స్పీకర్‌లో వస్తే ఏదీ సరిగ్గా వినపడదు. కొన్ని ఏసియో డ్రైవర్లతో (రికార్డింగ్‌కి వాడే సౌండ్ డ్రైవర్లు) అయితే స్క్రీన్ రీడర్ గొంతే ఆగిపోతుంది, ఇక ఏం నొక్కుతున్నామో తెలియక టెన్షన్. అందుకే పాటను బయటి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకు, హెడ్‌ఫోన్స్ తగిలించే సౌండ్ పెట్టె), ఎన్‌వీడీఏ గొంతును లాప్‌టాప్ స్పీకర్‌కి ఇవ్వండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దు, వాయించిన స్వరం ఆలస్యంగా వినపడుతుంది.

వాడబోయే మనిషినే షాపుకి తీసుకెళ్లండి. కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉండే నేరేటర్ అనే స్క్రీన్ రీడర్ మాట్లాడుతుంది. కీలు వేళ్లకు తెలుస్తున్నాయో లేదో వాళ్లే చూసుకుంటారు.