చిన్నవైపోయిన పిల్లల బట్టలు అమ్మడం, 3వ పాఠం: ఫోన్ కంటే ముందు టేపు

పోయిన పాఠంలో మరకలు వదిలించే పని ఇచ్చాను. పాల మరకకి వేడినీళ్లు తగలనీయొద్దని, వేడికి అందులోని ప్రోటీన్ గట్టిపడి దారానికి పట్టేస్తుందని, చల్లటి నీళ్లలో నానబెట్టాకే సబ్బు జోలికి వెళ్లమని చెప్పాను. ఆ ముక్క వదిలేసి బకెట్టులో మరిగే నీళ్లు పోసినవాళ్లు ఆ గుడ్డని అమ్మే గుట్టలోంచి తీసి ఇల్లు తుడిచే గుట్టలో వేసేయండి. బాధపడకండి, నేను కూడా అలాగే రెండు మంచి రోంపర్లు పాడుచేసుకున్నాకే నేర్చుకున్నాను.

సరే, ఇప్పుడు మీ ముందు ఉతికి ఆరేసిన బట్టలున్నాయి. టకటకా నాలుగు ఫోటోలు కొట్టి, "రెండేళ్ల బాబుకి సరిపోతుంది" అని రాసి పెట్టేద్దామని చెయ్యి లాగుతుంటుంది. ఆగండి. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉండటం గురించే.

రెండేళ్ల బాబు అంటే ఎంత బాబు?

పుట్టినప్పుడు బిడ్డ సుమారు 50 సెం.మీ. ఉంటుంది, మొదటి ఏడాదిలో దాదాపు 25 సెం.మీ., రెండో ఏడాదిలో దాదాపు 12 సెం.మీ. పెరుగుతుంది. ఆ తర్వాత వేగం తగ్గి ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. అందుకే పసివాళ్ల బట్టలు మూడు నెలలకో సైజు మారతాయి, మీ బీరువాలో ఒక్కసారి వేసి మడత పెట్టేసినవన్నీ ఆ వయసువే అవడం కూడా అందుకే. ఇదంతా సగటు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల పట్టికలు చూస్తే, సరిగ్గా రెండేళ్లు నిండిన మగపిల్లల మధ్యస్థ ఎత్తు 87 సెం.మీ., కానీ మామూలుగా ఎదుగుతున్నట్టు లెక్కేసే హద్దులు సుమారు 81 నుంచి 93 దాకా ఉంటాయి. పన్నెండు సెంటీమీటర్ల తేడా! ఐరోపాలో పిల్లల బట్టల సైజు అంటే పిల్లల ఎత్తే, 80, 86, 92, 98 అని ఆరేసి సెంటీమీటర్లకి ఒక మెట్టు. అంటే ఒకే రోజు పుట్టినరోజు చేసుకున్న ఇద్దరు పిల్లల మధ్య రెండు సైజుల తేడా ఉండొచ్చు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉండొచ్చు.

దీనికి తోడు ఒక కంపెనీ రెండేళ్ల సైజు ఇంకో కంపెనీ మూడేళ్ల సైజంత ఉంటుంది. ఆ పైన కాటన్ అయితే మొదటి ఉతుకుల్లోనే కొంత కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి లేబుల్ మీది అంకె అది కొన్ననాటి మాటే తప్ప ఈనాటిది కాదు. (ఇది మనకి లాభమే. "ఉతికాక తీసిన కొలతలు, ఇక పెద్దగా తగ్గవు" అని ధైర్యంగా రాసుకోవచ్చు, కొత్త బట్టలు అమ్మేవాడికి ఆ అవకాశం లేదు.)

కొనేవాళ్లు బట్టని ముట్టుకోలేరు, పిల్లాడి వీపు మీద ఆనించి చూడలేరు. అంగడిలో చేతులు చేసే ఆ పని ఇక్కడ మీ టేపు చెయ్యాలి.

కొలవడం

బట్టని గచ్చు మీదో గట్టి బల్ల మీదో పరవండి. మంచం మీద వద్దు, పరుపు దిగబడి కొలత తప్పుతుంది. ముడతలు అరచేత్తో సాపు చేయండి, లాగొద్దు. టేపు కూడా ఓసారి చూసుకోండి, పాత గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి, స్టీలు స్కేలు పక్కన పెట్టి మొదటి 30 సెం.మీ. సరిపోల్చితే తెలిసిపోతుంది. నా పాత టేపు దాదాపు సెంటీమీటరు అబద్ధం చెప్పేది, పిల్లల బట్టల్లో సెంటీమీటరంటే తక్కువేం కాదు.

చొక్కా, టీషర్టు, గౌను ఏదైనా మొదటి కొలత చంక కిందిది. చంక కుట్టుకి ఒక సెంటీమీటరు కింద, ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు దాకా అడ్డంగా. అది 28 వచ్చిందనుకోండి, "వెడల్పు 28, చుట్టూ 56" అని రెండూ రాయండి, ఎందుకంటే ఒకటే రాస్తే సగం మంది 28 అంటే చుట్టుకొలత అనుకుని ఇది బొమ్మకి వేసే చొక్కానా అని అడుగుతారు. తర్వాత పొడవు, భుజం మీద మెడ పక్కనుండే ఎత్తైన చోటు నుంచి కింది అంచు దాకా. చేతులు పొడవైతే భుజం కుట్టు నుంచి మణికట్టు దాకా.

ప్యాంటుకి నడుము, మొత్తం పొడవు, కాళ్లు కలిసే చోటు నుంచి కింది అంచు దాకా లోపలి పొడవు. ఎలాస్టిక్ నడుమైతే మామూలుగా ఉన్నప్పుడు ఎంత, చేత్తో పూర్తిగా లాగితే ఎంత అని రెండు అంకెలు కావాలి. లాగి వదిలినప్పుడు ఎలాస్టిక్ వెంటనే వెనక్కి రాకుండా బద్ధకంగా వస్తుంటే దాని పని అయిపోయినట్టే, కొత్త ఎలాస్టిక్ ఎక్కించండి, లేదా ఆ విషయం రాసెయ్యండి.

కింద అతుక్కుని ఉండే పసివాళ్ల రోంపర్లకి నడుము, చేతులు పెద్ద లెక్కలోకి రావు. భుజం నుంచి కిందున్న బటన్ల దాకా ఉండే పొడవే వాటి ప్రాణం. లోపల డైపర్ కూడా పట్టాలి కదా, ఆ కొలత రెండు సెంటీమీటర్లు తగ్గినా బటన్లు పడవు, పడినా బిడ్డ ఏడుపు ఆపదు.

ఇక మెడ. దీని గురించి ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. మావాడి గుండ్రటి మెడ టీషర్టు ఒకటి అన్ని కొలతలూ పక్కాగా రాసి అమ్మాను, రెండ్రోజుల్లో కొన్నామె నుంచి మెసేజ్ వచ్చింది: "చెవుల దగ్గర ఆగిపోయిందండీ." మావాడికి బాగానే పట్టేది, కానీ ఆఖరిసారి వేసిందెప్పుడో! తర్వాత ఎన్ని ఉతుకులు పడ్డాయో, మెడ చుట్టూ ఉన్న పట్టీ బిగుసుకుపోయింది. డబ్బు తిరిగి ఇచ్చేశాను. రెండేళ్ల పిల్లల తల చుట్టుకొలత సగటున 47, 48 సెం.మీ. ఉంటుంది. కాబట్టి మెడ భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, బలవంతం చేయకుండా లాగి, టేపు మీద పెట్టి చూడండి. అడ్డంగా 24 కూడా రాకపోతే రెండేళ్ల తల అందులోంచి దూరడం కష్టం. భుజం మీద ప్రెస్ బటన్లు ఉంటే బెంగ లేదు, కానీ ఉన్నాయని రాయాలి, ఫోటోలో అవి చాలాసార్లు కనిపించవు.

టేపు చేతిలో ఉండగానే బటన్లన్నీ ఒక్కోటి పట్టుకుని గట్టిగా లాగండి. వదులుగా ఉన్న బటను మూడేళ్ల లోపు పిల్లల నోట్లోకి, అక్కణ్నుంచి గొంతులోకి వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. అలాగే తలకి కప్పుకునే టోపీ ఉన్న కోట్లలో మెడ దగ్గర వేలాడే తాడు ఉంటే లాగి పారేయండి. జారుడుబల్ల మీదో తలుపు సందులోనో అవి చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఏడేళ్ల లోపు పిల్లల బట్టల్లో తల, మెడ భాగంలో అలాంటి తాళ్లు ఉండకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 14682 చెబుతుంది. తాడు తీసేశానని రాస్తే ఎవరూ బేరం తగ్గించరు.

ఫోటో

కిటికీ పక్కన, పగలు, ఎండ నేరుగా పడని చోట. గదిలో లైటు ఆర్పేయండి, ఎందుకంటే పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే ఫోన్ ఏ రంగుని నమ్మాలో తెలీక గులాబీ గౌనుని నారింజ చేస్తుంది. ఫ్లాష్ అసలొద్దు. ఫోన్ కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి, పిల్లలున్న ఇంట్లో ఆ అద్దం మీద ఏమేం ఉంటాయో మీకు తెలుసు.

తెల్ల బట్టని తెల్ల దుప్పటి మీద పరిస్తే ఫోన్ మొత్తాన్నీ బూడిదరంగుకి దించేస్తుంది, చూసేవాళ్లకి మాసిపోయిన బట్టలా కనిపిస్తుంది. తెల్లవాటికి కింద రంగు దుప్పటి, మిగతా వాటికి లేత రంగుది వాడండి. నిలబడి సరిగ్గా పైనుంచి తీయండి, మీ నీడ బట్ట మీద పడకుండా చూసుకోండి. ముందు వైపు ఒకటి, వెనక ఒకటి, లేబుల్ ఒకటి, లోపం ఉంటే దాన్ని దగ్గరగా ఒకటి. లోపం పక్కన టేపు పెట్టి తీస్తే అది ఎంతుందో మాటల్లో వివరించే బాధ తప్పుతుంది. టీషర్టుల్లో చంకలు, ప్యాంట్లలో మోకాళ్లు ఈ దగ్గరి ఫోటోకి ఉండాల్సిన చోట్లు, అరుగుదల, దూది ఉండలు ముందు కనిపించేది అక్కడే.

ఆ బట్ట వేసుకుని మీ పాప నవ్వుతున్న పాత ఫోటో ఉంటుంది, చాలా ముద్దుగా ఉంటుంది, అది పెడితే త్వరగా అమ్ముడుపోతుందనిపిస్తుంది. పెట్టకండి. ముఖం తెలియని వందమంది ఫోన్లలోకి బిడ్డ ఫోటో వెళ్తుంది, వెనక్కి తీసుకునే దారి లేదు. కాలరు లోపల పేరు కుట్టి ఉంటే విప్పేయండి, స్కూలు యూనిఫాం అయితే బ్యాడ్జి కనబడకుండా చూడండి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ కూడా ఆపేయండి, ఫోటోతో పాటు మీ ఇల్లెక్కడో కూడా వెళ్లాల్సిన పని లేదు.

రాయడం

ఎక్కువమంది ఇలా రాస్తారు: "చాలా అందమైన ఫ్రాకు, కొత్తదే, ఒక్కసారే వేసింది, మూడు నాలుగేళ్ల పాపకి, కావాలంటే మెసేజ్ చేయండి." ఇందులో కొనేవాళ్లకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అందంగా ఉందో లేదో ఫోటోలో వాళ్లే చూస్తారు. ఒక్కసారే వేసిందన్న మాట అందరూ రాసేదే, ఎవరూ నమ్మరు.

అదే ఫ్రాకుని నేనైతే ఇలా రాస్తాను:

"ఫ్రాకు, పసుపు రంగు మీద తెల్ల చుక్కలు, పూర్తి కాటన్, లోపల లైనింగ్ ఉంది. లేబుల్ మీద 3-4 ఏళ్లు. చంక కింద వెడల్పు 30 సెం.మీ. (చుట్టూ 60), భుజం నుంచి అంచు దాకా 56. వెనక జిప్పు, సాఫీగా నడుస్తుంది. కింది మడతలో 3 సెం.మీ. గుడ్డ ఉంది, విప్పి పొడవు చేసుకోవచ్చు. ఎడమ జేబు కింద కందిగింజంత లేత మరక ఉంది, నాలుగో ఫోటోలో చూడండి. మా పాప ఆరు నెలలు అప్పుడప్పుడు వేసుకుంది."

మరక గురించి మనమే చెప్పడమేంటి అని మా ఇంట్లో కూడా అన్నారు. పార్సిల్ విప్పాక వాళ్లకి కనబడే మరక గొడవ అవుతుంది, మనం ముందే చూపించిన మరక బేరం దగ్గరే తేలిపోతుంది. పైగా ఒక లోపం ఒప్పుకున్న మనిషి చెప్పిన మిగతా కొలతల్ని జనం నమ్ముతారు, "ఇంకేమైనా ఉందా అండీ" అనే పది మెసేజ్‌లు తగ్గుతాయి. అదొక్కటి చాలు నాకు.

మొదటి వరుసలో వస్తువు పేరు, రంగు, సైజు ఉండాలి, ఎందుకంటే జనం వెతికేది ఆ మాటలతోనే. ఫ్రాకు, గౌను అని రెండు రకాలుగానూ వెతుకుతారు కాబట్టి వివరణలో ఎక్కడో ఒకచోట రెండో మాట కూడా పడేలా చూడండి. "కొత్తది" అనే మాట చీటీ ఇంకా తెగని బట్టకే వాడండి. మిగతావాటికి "బాగుంది", "అక్కడక్కడా వెలిసింది", "ఇంట్లో వేసుకోవడానికి పనికొస్తుంది" అని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది.

ఈ పాఠం పని

మీ గుట్టలోంచి మూడు బట్టలు తీయండి: ఒకటి పైన వేసేది, ఒకటి ఎలాస్టిక్ ప్యాంటు, ఒకటి ఏదో ఒక లోపం ఉన్నది. ఒక్కోదాన్ని రెండుసార్లు కొలవండి, మధ్యలో బట్టని తీసి మళ్లీ పరిచి. రెండు కొలతల మధ్య సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మీరు ఎక్కడో లాగుతున్నట్టు, మూడోసారి కొలవండి. మూడింటికీ వివరణ రాయండి. తర్వాత ఆ మూడు బట్టల్ని వాటిలాంటివే ఇంకో పది బట్టల్లో కలిపేసి, ఇంట్లో ఎవరికైనా టేపు చేతికిచ్చి, మీ వివరణ చదివి వినిపించి, అదెక్కడుందో వెతికిమ్మనండి. ఫోటో చూపించొద్దు. తప్పు బట్ట తీసి ఇస్తే వాళ్లని అనకండి, ఏ మాట దగ్గర తడబడ్డారో అడిగి ఆ వాక్యం మళ్లీ రాయండి.

ఆ మూడు వివరణలూ దాచి ఉంచండి. ధర ఎంత పెట్టాలి, విడిగా అమ్మాలా కట్టగట్టి అమ్మాలా అనేది 4వ పాఠంలో వాటి మీదే లెక్కవేద్దాం.