పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందా? ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

స్విచ్ నొక్కి, టీ పెట్టుకుని, తాగి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండే ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో బోలెడు. 2015–2020 మధ్య కొన్నవాటిలో చాలావాటికి అసలు జబ్బు ప్రాసెసర్‌లో లేదు, లోపల తిరిగే హార్డ్‌డిస్క్‌లో ఉంది. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డ్రైవ్) పెడితే అదే మెషీన్ ఇంకో మూడు నాలుగేళ్లు హాయిగా పనిచేస్తుంది. ఈ పని నేర్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. తొందరపడే అలవాటుంటే మాత్రం కాస్త అదుపులో పెట్టుకోవాలి.

ముందు జబ్బు ఏమిటో తేల్చుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఐదు నిమిషాలు గమనించండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (అంటే హార్డ్‌డిస్క్) అని ఉండి, వాడకం 100 శాతానికి అంటుకుపోయి ఉంటే ఎస్‌ఎస్‌డీ కావాలి. నాలుగు బ్రౌజర్ ట్యాబ్‌లు తెరవగానే మెమరీ 85–90 శాతం దాటుతుంటే ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ) చాలడం లేదు. రెండూ బాగానే ఉండి సీపీయూ (ప్రాసెసర్) ఒక్కటే ఎప్పుడూ నిండిపోతుంటే డబ్బులు ఖర్చుపెట్టకండి. అది వైరస్ పనో, వేడి సమస్యో, లేదంటే చిప్ శక్తి అంతేనో అయ్యుంటుంది.

అదే పేజీలో మెమరీ మీద నొక్కితే ‘స్లాట్స్ యూజ్డ్’, ‘ఫామ్ ఫ్యాక్టర్’ అనే వివరాలు కనిపిస్తాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ మదర్‌బోర్డు మీదే అతికించి ఉందని, మార్చలేమని అర్థం. స్లాట్ల లెక్కను మాత్రం పూర్తిగా నమ్మకండి, కొన్ని మోడళ్లలో తప్పు చూపిస్తుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో చాలా మోడళ్లకు సర్వీస్ మాన్యువల్‌ను తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో అన్నీ బొమ్మలతో సహా అందులో ఉంటాయి. పది వీడియోలు చూసేకన్నా ఇది నయం.

ఏది కొనాలి?

హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. సాటా, ఎన్‌వీఎంఈ అనేవి డ్రైవ్ బోర్డుతో డేటా మార్చుకునే రెండు పద్ధతులు, ఎన్‌వీఎంఈ వేగమైనది. మీ బోర్డు మీద ఎం.2 స్లాట్ (సన్నటి కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) కూడా ఉంటే అది సాటాదా, ఎన్‌వీఎంఈదా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి పనిచేయకపోవచ్చు. ఎం.2 కార్డుల్లో ఎక్కువగా దొరికే 2280 సైజు అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు.

5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 పైనే చదువుతుంది. అసలు తేడా అక్కడ కూడా కాదు. విండోస్ మొదలవడానికి వేల చిన్న ఫైళ్లు కావాలి. హార్డ్‌డిస్క్‌లో ప్రతిదానికీ ముల్లు అటూ ఇటూ కదలాలి, ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. ఎన్‌వీఎంఈ ఇంకా చాలా వేగం అని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే, కానీ ఎక్సెల్, బ్రౌజర్, జూమ్ వాడేవాళ్లకు సాటాకూ దానికీ తేడా అంతగా తెలియదు.

ర్యామ్ విషయంలో కొత్త కార్డు తరం (డీడీఆర్ పక్కనుండే అంకె) పాతదానితో కలవాలి. డీడీఆర్3ఎల్, డీడీఆర్4, డీడీఆర్5 కార్డులకు గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా పెట్టినా దూరదు. ఇంట్లో వాడకానికి మొత్తం 8 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత. వేగాలు వేరైన రెండు కార్డులు కలిపితే సాధారణంగా రెండూ నెమ్మదైన దాని వేగానికే దిగుతాయి. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో కొంటే పాత ర్యామ్ స్టిక్కర్ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, సీరియల్ నంబరుతో బిల్లు అడిగి తీసుకోండి. ధర కాస్త తగ్గిస్తామన్నా బిల్లు వదులుకోకండి.

విప్పే ముందు

ఫొటోలు, డాక్యుమెంట్లు బయట ఎక్కడైనా కాపీ చేసుకోండి. విండోస్‌లో డిస్క్‌లోని డేటాకు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ, బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. చాలామందికి అది ఆన్‌లో ఉన్న సంగతే తెలియదు.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోన్ చేయొచ్చు. నన్నడిగితే కొత్తగా విండోస్ వేసుకోవడమే మేలు, ఏళ్లుగా పోగైన చెత్త అక్కడే ఉండిపోతుంది. విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 పడుతుంది.

విప్పడం

1. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసేయండి.

2. తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం గీసుకోండి. ఏ స్క్రూ తీస్తే దాన్ని బొమ్మలో అదే చోట సెల్లోటేప్‌తో అతికించండి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే అది బోర్డుకో, పైన కీబోర్డు పక్కన ప్లాస్టిక్‌కో గుచ్చుకుంటుంది. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ తల సరిపోకపోతే గట్టిగా తిప్పకండి, స్క్రూ గాడి అరిగిపోయిందంటే ఆ రోజుకు పని ఆగినట్టే.

3. అన్నీ తీశాక కవర్ అంచులో పాత సిమ్ కార్డు ప్లాస్టిక్ ముక్క గానీ, గడువు తీరిన ఏటీఎం కార్డు గానీ దూర్చి మెల్లగా జరపండి. క్లిప్పులు టక్ టక్ మంటూ ఒక్కొక్కటే వదులుతాయి. ఆ చప్పుడుకు టెన్షన్ పడక్కర్లేదు. ఒక చోట అస్సలు కదలడం లేదంటే మాత్రం ఇంకో స్క్రూ మిగిలే ఉంది. డీవీడీ డ్రైవ్ ఉన్న మోడళ్లలో తరచూ దాని వెనకాలే ఉంటుంది.

4. లోపల బ్యాటరీ కనెక్టర్‌ను ముందుగా ఊడదీయండి. వైర్లు పట్టుకుని లాగొద్దు, కనెక్టర్‌నే గోటితో జరపండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే పని అక్కడితో ఆపేయండి. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే విప్పకముందే అనుమానించాలి.

అమర్చడం

హార్డ్‌డిస్క్ ఒక రేకు ఫ్రేములో ఉంటుంది. ఫ్రేము విప్పి ఎస్‌ఎస్‌డీకి బిగించి, కనెక్టర్‌లోకి సమానంగా తోయండి. ర్యామ్‌ను ముట్టుకునే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. కార్డును బంగారు రంగు అంచు తాకకుండా పక్కల పట్టుకుని, ఏటవాలుగా స్లాట్‌లోకి దూర్చండి. ఆ రంగు దాదాపు కనిపించనంత లోపలికి వెళ్లాకే కిందికి నొక్కండి, రెండు పక్కల క్లిప్పులు పట్టుకుంటాయి. ఎలాగూ విప్పారు కాబట్టి ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి.

బ్యాటరీ కనెక్టర్ తిరిగి తగిలించి, కవర్ మూయండి. మొదటిసారి ఆన్ చేయగానే తెర కొద్దిసేపు నల్లగా ఉండిపోవచ్చు. కొత్త ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటోంది, ఒకట్రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ఆపి, బ్యాటరీ మళ్లీ ఊడదీసి, ర్యామ్ తీసి మళ్లీ సరిగ్గా అమర్చండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మానిటర్ తగిలించాలనుకుంటే

హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, విండోస్ మీటతో పాటు పీ నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. పాత ల్యాప్‌టాప్‌కు 4కే మానిటర్ కొనకండి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను సెకనుకు 30 ఫ్రేములకు మించి ఇవ్వదు, మౌస్ బాణం ఈడ్చినట్టు కదులుతుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన వీడియో వస్తుందని అనుకోవద్దు. పోర్టు పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్ట్) గుర్తో, మెరుపు (థండర్‌బోల్ట్) గుర్తో ఉందేమో చూడండి, లేకపోతే మాన్యువల్‌లో వెతకండి. తెర పై అంచు మీ కళ్ల ఎత్తులో గానీ, కొంచెం కిందగా గానీ ఉండాలి. ల్యాప్‌టాప్ మూత మూసి మానిటర్ మీదే పనిచేయాలంటే పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ‘డూ నథింగ్’ అని పెట్టుకోండి, అదీ చార్జర్ తగిలించి ఉన్నప్పటికి మాత్రమే. లేదంటే మూత మూసి బ్యాగులో పెట్టాక కూడా అది లోపల నడుస్తూ వేడెక్కుతుంది.