కొత్త ఫోన్‌ను రూట్ చేసే ముందు

పెట్టె విప్పిన రోజునే ఆండ్రాయిడ్ ఫోన్‌ను రూట్ చేయాలనుకోవడం, అంటే దాని సాఫ్ట్‌వేర్ మీద పూర్తి అధికారం చేజిక్కించుకోవాలనుకోవడం, తొందరపాటు. అమ్మినవారు ఇచ్చిన మార్పిడి గడువు ముగిసేవరకు దానిని మామూలుగా వాడి, తెర, కెమెరా, స్పీకరు, సిగ్నలు, చార్జింగు సక్రమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామును, అన్‌లాక్ చేయాలి. అలా తెరిచిన ఫోన్‌ను వెనక్కు తీసుకువెళితే, లోపం ఎక్కడిదైనా నింద మన మీదే పడుతుంది. అయితే ఆ రోజుల్లో ఫొటోలు, వాట్సాప్ సంభాషణలు, బ్యాంకు యాప్‌లు అందులో నింపకుండా పాత ఫోన్‌లోనే ఉంచుకోవడం మేలు. ఎందుకంటే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. దొంగ చేతికి చిక్కిన ఫోన్ నుంచి మన గుట్టు బయటపడకుండా పెట్టిన ఏర్పాటు అది.

ఇక మీ ఫోన్‌కు బూట్‌లోడర్ తెరిచే వీలుందో లేదో అన్నది, విజయవాడ గవర్నర్‌పేట దుకాణాల్లో బేరం మొదలుపెట్టక ముందే తేల్చుకోవలసిన సంగతి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు (ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్య) మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో ‘ఓఈఎం అన్‌లాకింగ్’ అనే మీట ఉండాలి, నొక్కితే పడాలి. మన విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో అమెరికా నుంచి పిల్లలు పంపిన పిక్సెల్ ఫోన్లు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. అవి అక్కడి వెరైజన్ అనే ఫోన్ సర్వీసు కంపెనీ ద్వారా కొన్నవైతే ఆ మీట నొక్కుడు పడదు. షావోమీ ముందుగా ఖాతాను ఫోన్‌తో ముడిపెట్టించి, కొన్ని రోజులు ఆగమంటుంది. సామ్‌సంగ్‌లో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా వ్యవస్థ ఫ్యూజు శాశ్వతంగా పోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే తిరిగి వేసినా, రహస్య ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు.

చాలామంది తడబడేది బూట్ ఇమేజ్ దగ్గర, అంటే ఫోన్ ఆన్ అయ్యేందుకు వాడే సాఫ్ట్‌వేర్ ఫైలు దగ్గర. రూట్ చేయడానికి జాన్ వూ రూపొందించిన మ్యాజిస్క్ యాప్, కంపెనీ ఇచ్చిన బూట్ ఇమేజ్‌ను సవరించి ఇస్తుంది. ఆండ్రాయిడ్ 13తోనో ఆ తర్వాతి వెర్షన్‌తోనో విడుదలైన ఫోన్లలో సాధారణంగా ‘ఇనిట్ బూట్’ ఇమేజ్‌ను సవరించవలసి ఉంటుంది. ఆ ఫైలు మీ ఫోన్‌లో ప్రస్తుతం ఉన్న బిల్డ్ నంబరుదే కావాలి, చివరి అంకెతో సహా. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో నేను సాయంత్రం ఫైలు దించుకుని, పని మర్నాటికి వాయిదా వేశాను. రాత్రికి రాత్రి ఫోన్ తనంతట తానే సెక్యూరిటీ అప్‌డేట్ వేసుకుంది. పొద్దున్నే బిల్డ్ నంబరు మళ్లీ చూడకుండా ఆ పాత ఇమేజ్ ఎక్కించేసరికి, కంపెనీ గుర్తు వెలగడం, ఆరిపోవడం, మళ్లీ వెలగడం తప్ప మరేమీ లేదు. పొరపాటు నాదే. కొత్త బిల్డ్ తాలూకు అసలు ఇమేజ్‌ను దించి, కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించే ఫాస్ట్‌బూట్ స్థితిలో ఎక్కించాక గాని ప్రాణం కుదుటపడలేదు. అందుచేత ఆటోమేటిక్ అప్‌డేట్లను ముందే ఆపి, సవరించని ఇమేజ్ ఒకటి కంప్యూటర్‌లో భద్రపరచిన తర్వాతే పనికి దిగాలి. ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కు పోవచ్చులే అనుకోవడమూ ప్రమాదమే. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 వేసుకున్న పిక్సెల్ 6 ఫోన్లకు ఆండ్రాయిడ్ 12కు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది.

రోహిణి కార్తెలో విజయవాడలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి, ఇమేజ్ ఎక్కించడానికి డెస్క్‌టాప్ కన్నా బ్యాటరీ నిండిన ల్యాప్‌టాప్ నయం. వదులైన కేబుల్‌ను నమ్మరాదు.

డబ్బు సంగతి వేరు. రూట్ అయిన ఫోన్‌ను గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్ష ద్వారానో, తమ సొంత తనిఖీతోనో పసిగట్టి చాలా బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. బీసెంట్ రోడ్డులో బేరమంతా కుదిరాక చెల్లింపు యాప్ తెరుచుకోకపోతే కలిగే ఇబ్బంది అనుభవించినవారికే తెలుసు. దాచిపెట్టే కిటుకులు నేడు పనిచేసి రేపు పనిచేయవు. నా మటుకు నేను యూపీఐని పాత ఫోన్‌లోనే ఉంచాను. బ్యాంకులో నమోదైన సిమ్ కూడా అందులోనే ఉండాలి, యూపీఐ నమోదుకు ఎస్సెమ్మెస్ ఆ సిమ్ నుంచే వెళుతుంది కనుక.

రూట్ అయ్యాక అనుమతి అడిగిన ప్రతి యాప్‌కూ ఒప్పుకోవద్దు. ఆ అనుమతి పొందిన యాప్ ఫోన్‌లోని ప్రతి ఫైలునూ చదవగలదు. కంపెనీ అప్‌డేట్ వస్తే, ముందు అసలు బూట్ ఇమేజ్‌ను పునరుద్ధరించి ఆ తర్వాతే వేసుకోవాలి. ఎప్పుడైనా బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయదలిస్తే, ఫోన్ పూర్తిగా కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చి, ఒకసారి సవ్యంగా ఆన్ అయిందని చూసుకున్న తర్వాతే చేయాలి. సవరించిన ఇమేజ్ ఉండగా లాక్ వేస్తే ఫోన్ ఆన్ కాకుండా మొండికేస్తుంది. లాక్ వేసేటప్పుడు కూడా సమాచారం మరొకసారి చెరిగిపోతుంది.