తామర ట్యూబ్‌తో తొడల మీద చారలు: నా అనుభవం

ఎండాకాలం చెమటకి గజ్జల్లో తామర వస్తే మందుల షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు. రాసిన రాత్రికే దురద మాయం. ఆపితే మళ్లీ వచ్చేది, మళ్లీ రాసేవాణ్ణి. కొన్నాళ్లకి తొడల లోపలివైపు ఎర్రటి చారలు, వేలితో తడిమితే కాస్త పల్లంగా తగిలేవి. ఒళ్లేమీ పెరగలేదు, మరి స్ట్రెచ్ మార్క్స్ ఎక్కడివి?

స్కిన్ డాక్టర్ ట్యూబ్ వెనక్కి తిప్పి చూపించారు: క్లోబెటసాల్. ఘాటైన స్టెరాయిడ్. దురదని అణిచేస్తుంది గానీ తామర తెచ్చే ఫంగస్‌ని చంపదు. పైగా చర్మం లోపలి పొరలో కొల్లాజెన్‌ని (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్) దెబ్బతీస్తుంది. గజ్జల్లో చర్మం అసలే పల్చన, మడతల్లో మందు మరీ ఎక్కువ ఇంకుతుంది.

ట్యూబ్ మాన్పించి, స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు పూర్తి కోర్సు ఇచ్చారు. తామర తగ్గాకే చారలకి రాత్రిపూట ట్రెటినాయిన్ అనే విటమిన్-ఎ రకం క్రీము, బఠాణీ గింజంత (గర్భిణులు వాడకూడదు). మొదట్లో మంట, పొట్టు రాలడం. రోజు విడిచి రోజు రాయమన్నారు. నెలలు పట్టింది గానీ ఎర్రగా ఉన్నవి బాగా తేలికపడ్డాయి. తెల్లబడ్డవాటికి క్రీములు పెద్దగా పనిచేయవు. లేజర్, మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చడం) ఉన్నాయి, అవీ పూర్తిగా చెరపలేవు. నేను వాటి జోలికి పోలేదు, తొడలు ఎవరు చూస్తారులే. కొబ్బరినూనెతో చర్మం మెత్తబడింది తప్ప చారలు కదల్లేదు.

తామర క్రీము కొనేటప్పుడు క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ పేర్లు కనబడితే డాక్టర్ చెప్పకుండా తీసుకోకండి.