అద్దె ఇంటి పాఠాలు – 5: ఓనరు ఇల్లు అమ్మేస్తున్నారు

పోయిన పాఠంలో మీ అగ్రిమెంట్‌లో మూడు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను: గడువు ఎక్కడుంది, నోటీసు ఎన్ని రోజులు, అడ్వాన్సు ఎంత. ఆ కాయితం బయటికి తీయండి, ఇవాళ దానితోనే పని.

మెట్ల మీద ఓనరుగారు ఎదురై, "ఇల్లు అమ్మేస్తున్నామమ్మా, నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి" అంటారు. మనలో చాలామందికి అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చే మాట "సరేనండి". ముందు ఈ అలవాటు మానుకోవాలి. "కాయితం చూసుకుని చెప్తానండీ" అనండి. మర్యాదగానే ఉంటుంది, దేనికీ ఒప్పుకున్నట్టూ కాదు.

ఇల్లు అమ్మినంత మాత్రాన మీ అద్దె హక్కు పోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 109 ఈ సంగతే చెబుతుంది. ఇల్లు కొన్నవాళ్ళు పాత ఓనరు స్థానంలోకి వస్తారు. మీరు అద్దెకున్న ఇల్లు, అద్దెకున్న మీతో సహా చేతులు మారుతుందన్నమాట. "లోపల మనుషులున్నారని నాకు తెలీదు" అని కొన్నాయన అనడానికీ లేదు. ఇంట్లో ఎవరైనా ఉంటే, ఏ హక్కుతో ఉన్నారో కనుక్కోవలసిన బాధ్యత కొనేవాళ్ళదే.

అలాగని ఎన్నాళ్ళైనా ఉండొచ్చని కాదు. ఇప్పుడు రోజులు లెక్కేద్దాం.

అగ్రిమెంట్ గడువు ఇంకా నడుస్తుంటే, మీరు గీత పెట్టిన నోటీసు షరతు చదవండి. "ఇరువర్గాలలో ఎవరైనా నెల ముందు చెప్పి ముగించవచ్చు" అని ఉంటే ఓనరుకు ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంది, అమ్మకంతో సంబంధం లేదు. అలాంటి షరతు లేకపోతే మాత్రం గడువు దాకా ఉండే హక్కు మీది. అగ్రిమెంట్‌లో రాసుకున్న పదకొండు నెలలు ఎప్పుడో అయిపోయి, ఓనరు అద్దె తీసుకుంటూనే ఉంటే, అది నెలనెలా సాగే అద్దె కింద లెక్క. నోటి మాట మీద ఉంటున్నవాళ్ళదీ అదే లెక్క. అదే ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 106 ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, పదిహేను రోజుల నోటీసు చాలు. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. రోజులు మొదలయ్యేది అది మీకు అందిన తేదీ నుంచి. మెట్ల మీద చెప్పిన మాట దీని కిందికి రాదు.

పదిహేను రోజులేనా అని టెన్షన్ పడతారేమో. ఆ గడువు దాటినా మీరు కదలకపోతే ఓనరు కోర్టుకు వెళ్ళాలే తప్ప తాళం మార్చడం, సామాను బయట పెట్టడం కుదరదు. బలవంతంగా వెళ్ళగొడితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇది తెలిసి ఉండటం మంచిదే గానీ, నెల రోజుల వెసులుబాటు కోసం కేసు దాకా లాగితే లాయరు ఫీజే అద్దెను మించుతుందని నా అభిప్రాయం.

ఇంట్లో పెద్దవాళ్ళు "రెంట్ కంట్రోల్ ఉంది, ఎవరూ కదిలించలేరు" అంటుంటారు. అద్దెలను, ఖాళీ చేయించడాన్ని అదుపు చేసే, తెలంగాణలో నడుస్తున్న ఆ 1960 చట్టంలో 2005లో సవరణ వచ్చింది. కార్పొరేషన్ల పరిధిలో అద్దె నెలకు 3,500 దాటిన ఇళ్ళు దాని కిందికి రావు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ అద్దెకు గది దొరకడమే కష్టం.

ఇక అసలు సంగతి, అడ్వాన్సు. నాకు ఒకసారి దెబ్బ తగిలింది ఇక్కడే. ఇల్లు చేతులు మారాక పాతాయన "కొన్నాయనకి చెప్పానుగా" అన్నారు, కొన్నాయన "నా చేతికి రూపాయి రాలేదు" అన్నారు. నాలుగు నెలలు ఇద్దరి చుట్టూ తిరిగితే పెయింటింగ్ పేరు చెప్పి సగం చేతిలో పెట్టారు. నాకు అప్పుడు తెలియనిది మళ్ళీ సెక్షన్ 109లోనే ఉంది: ఇల్లు అమ్మినంత మాత్రాన పాత ఓనరు మీ పట్ల ఉన్న బాధ్యత నుంచి తప్పుకోలేరు. కొత్తాయననే బాధ్యుడిగా ఎంచుకుంటున్నానని మీరు ఒప్పుకుంటే తప్ప. అందుకే అమ్మకం రిజిస్ట్రేషన్‌కు ముందే పాత ఓనరుకు ఈ కింది ఉత్తరం ఇవ్వండి. రిజిస్ట్రేషన్ అయ్యాక పాతాయన ఫోన్ ఎత్తడం తగ్గిపోతుంది.

"మీ ఇంట్లో అద్దెకుంటున్న నేను ఫలానా తేదీన అడ్వాన్సుగా రూ. 28,000 ఇచ్చాను. ఇల్లు అమ్ముతున్నట్టు ఫలానా తేదీన మీరు చెప్పారు. ఆ మొత్తాన్ని కొన్నవారికి అప్పగిస్తే, అందినట్టు ముగ్గురం సంతకాలు చేసిన కాయితం నాకు ఒకటి ఇవ్వగలరు. లేనిపక్షంలో నేను ఖాళీ చేసే రోజున మీరే చెల్లించగలరు."

డబ్బు నిజంగా చేతులు మారకముందే ఆ ముగ్గురి కాయితం మీద సంతకం పెట్టకండి.

అద్దె ఎవరికి కట్టాలి? అమ్మకం జరిగిందని మీకు తెలిసేదాకా పాత ఓనరుకే. అలా కట్టింది మళ్ళీ కొత్తాయనకు కట్టనక్కర్లేదు. ఎవరో వచ్చి "ఇక నుంచి నాకే" అంటే సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) కాపీ అడగండి, ఈసీలో, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రంలో, పేరు మారిందేమో చూసుకోండి. చేతికి నగదు మాత్రం వద్దు.

ఇప్పుడు బేరం. కొనేవాళ్ళు ఉండటానికి కొంటున్నారా, అద్దె కోసం కొంటున్నారా అని ముందు కనుక్కోండి. అద్దె కోసమైతే మీరే వాళ్ళకు కావాలి, పాత అద్దె మీదే కొత్త అగ్రిమెంట్ అడగండి. ఉండటానికైతే గృహప్రవేశం ముహూర్తం ఎప్పుడో అడగండి. ఆషాఢం వస్తుంటే చాలామంది శ్రావణం దాకా ఆగుతారు, మీకు అడక్కుండానే నెల కలిసొస్తుంది. ముహూర్తం దగ్గర్లో ఉంటే తొందర వాళ్ళది. "ఆ తేదీకి ఖాళీ చేస్తాను, అడ్వాన్సులో కోత వద్దు, చివరి నెల అద్దె వదిలెయ్యండి" అనడానికి అదే సమయం. పిల్లల పరీక్షలుంటే ఆ మాటా చెప్పండి, చాలామంది కాదనరు.

ఆ ఇల్లు మీరే కొనుక్కోవాలనుకుంటే అడగొచ్చు. అగ్రిమెంట్‌లో రాసి లేకపోతే "ముందు నాకే అమ్మాలి" అనే హక్కు లేదు. మీరు బిగించుకున్న ఏసీ, దోమల తలుపు మీవే. ఇల్లు మీ స్వాధీనంలో ఉండగానే విప్పుకుని, గోడ ఎలా ఉన్నది అలా చేసి ఇవ్వాలి.

ఈ వారం అభ్యాసం: ఓనరు రేపే అమ్ముతున్నారనుకుని పై ఉత్తరాన్ని మీ తేదీలతో, మీ అంకెలతో రాయండి. అడ్వాన్సు ఇచ్చిన తేదీకి రుజువు ఏముందో వెతకండి: రసీదా, బ్యాంకు స్టేట్‌మెంటా, ఫోన్ పేలో పాత మెసేజా. ఏదీ దొరక్కపోతే ఓనరుతో మంచిగా ఉన్న ఈ రోజుల్లోనే ఒక మెసేజ్ పెట్టి "అవును, అందింది" అనిపించుకోండి. పెయింటింగ్ కోత ఎంతవరకు న్యాయమో ఆరో పాఠంలో చూద్దాం, ఖాళీ చేసే ముందు గోడల ఫోటోలు ఎలా తీయాలో కూడా.