మిస్‌ఫైర్ కాయిల్‌దో కాదో తేల్చుకోండిలా

పెట్రోల్ కారు వణుకుతూ చెక్ ఇంజన్ లైటు వెలిగిందంటే, చాలాచోట్ల పెట్రోల్‌ను మండించే స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు అందించే కాయిళ్లు మొత్తం మార్చేస్తారు. అంత ఖర్చు అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు (కారు లోపాల కోడ్‌లు చదివే సాకెట్) బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో కోడ్ చూడండి. పీ0303 అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోల్ సరిగా మండట్లేదని. ఇంజన్ ఆపి, చల్లారాక, ఆ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, దానిది ఇక్కడికి మార్చి, కోడ్ చెరిపేసి కాసేపు నడపండి. ఈసారి పీ0302 వస్తే పోయింది కాయిలే, అదొక్కటి కొంటే చాలు. మళ్లీ పీ0303నే వస్తే ప్లగ్గునూ ఇలాగే మార్చి చూడండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టరో, కంప్రెషనో, వైరింగో అయ్యుండొచ్చు, మెకానిక్‌కు చూపించాల్సిందే.

సిలిండర్‌కో కాయిల్ ఉన్న ఇంజన్లకే ఇది పనికొస్తుంది. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం అసలు నడపొద్దు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది.